డబ్బా టీవీలో మారియో గోడలు వంకరగా ఉన్నాయి, ఏ స్క్రూ తిప్పాలి?

గళ్లచొక్కా_మారియో
తెనాలిలో ఒక లాడ్జి వాళ్లు గదులన్నిటికీ ఎల్‌ఈడీలు పెట్టించి పాత డబ్బా టీవీలన్నీ మెట్ల కింద పోగేశారు. ఎనిమిది వందలిచ్చి 21 అంగుళాల ఫ్లాట్ ఒకటి తెచ్చుకున్నా. ఆటోలో వెనక సీటు మొత్తం దానికే, నేను డ్రైవర్ పక్కన వేలాడుతూ వచ్చా. రంగులు బ్రహ్మాండంగా ఉన్నాయి, ఆ విషయంలో ఏ కంప్లైంటూ లేదు.

కానీ బొమ్మ వంకర. నింటెండో వీ గేమ్ కన్సోల్‌లో 240పి టెస్ట్ సూట్ అనే తెర పరీక్షించే ప్రోగ్రామ్ వేసి గళ్ల బొమ్మ పెడితే ఎడమ పక్క గీత మధ్యలో లోపలికి నొక్కుకుపోయింది, నడుం బిగించినట్టు. కుడి పై మూల బయటికి సాగింది. మొత్తం బొమ్మే ఒక పక్కకి ఒరిగింది, కింది గీత ఎడమ చివర ఓ వేలెడు దిగి ఉంది. గుండ్రం పెడితే కోడిగుడ్డు వస్తోంది. మారియోలో పైన స్కోరు సగం తెగిపోతోంది.

వీడియోల్లో చూసి వెనక మూత తీశా, వాళ్లు చూపించిన స్క్రూలు ఒక్కటీ లేవు. పెద్ద నల్ల ట్రాన్స్‌ఫార్మర్ మీద రెండు నాబులు కనపడ్డాయి. కిందది కొంచెం తిప్పా. తెర మొత్తం పాలు పోసినట్టయి ఏటవాలు తెల్ల గీతలు వచ్చాయి. భయపడి వెనక్కి తిప్పేశా, సుమారుగా పాత చోటికే వచ్చిందనుకుంటా. ఇంతకీ ఏ స్క్రూ తిప్పాలి?

కోఠీ_కండెన్సర్
ముందు ప్లగ్ తీసి మూత పెట్టెయ్. తర్వాత మాట్లాడుకుందాం.

గోలీసోడా_88
రెండు నాబులు కనపడితే కిందది తిప్పడం మన జాతి లక్షణం 😂

కోఠీ_కండెన్సర్
సరే, ఇప్పుడు వివరంగా. ఇరవై రెండేళ్లు ఇదే పని చేశా కాబట్టి కాస్త పెద్దగానే రాస్తా. నువ్వు ముట్టుకున్నది ఎల్‌ఓటీ, కొందరు ఫ్లైబ్యాక్ అంటారు. దాని మీద పైది ఫోకస్, కిందది స్క్రీన్. రెండిటికీ బొమ్మ ఆకారంతో సంబంధం లేదు. స్క్రీన్ ఎక్కువైతే నువ్వు చూసిన తెల్ల గీతలొస్తాయి, తక్కువైతే చీకటి సీన్లన్నీ బొగ్గయిపోతాయి. రాత్రి లైట్లార్పి నల్ల బొమ్మ పెట్టి, గీతలు కనపడేదాకా పెంచి, అవి మాయమయ్యేదాకా మెల్లగా తగ్గిస్తే చాలు, దాని పని అయిపోయినట్టే.

నువ్వు వెతికే స్క్రూలు పాత సెట్లలో ఉండేవి. హైట్, వీ-లినియారిటీ, వీ-హోల్డ్, విడ్త్ కాయిల్, ఇలా ఒక్కోదానికి ఒక్కో ప్రీసెట్. నీ ఫ్లాట్ సెట్ కాలానికి ఇవన్నీ సర్వీస్ మెనూలోకి, అంటే మెకానిక్‌ల కోసం దాచిన సెట్టింగ్‌లలోకి వెళ్లిపోయాయి. రిమోట్‌తోనే మారుస్తాం. విలువలన్నీ ఎనిమిది కాళ్ల చిన్న మెమరీ ఐసీలో దాక్కుంటాయి. కాబట్టి జామెట్రీకి, అంటే బొమ్మ ఆకారానికి, మూత తీయాల్సిన పనే లేదు, ఒక్క ఒరగడం తప్ప. దాని సంగతి తర్వాత.

ఇంకోటి. ట్యూబ్ పక్కన ఎర్ర కప్పు కింద ఉండేది ఇరవై వేల వోల్టుల పైమాటే. ప్లగ్ తీసినా ట్యూబ్ దాన్ని పట్టుకునే ఉంటుంది. పవర్ సప్లై వైపు లావుపాటి కండెన్సర్‌లో మూడు వందల వోల్టులు వేరే. మూత తీసి టీవీ ఆన్ చేయాల్సి వస్తే ఎడమ చెయ్యి జేబులో పెట్టుకోమని మా గురువు చెప్పేవాడు. జోక్ కాదు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది.

గళ్లచొక్కా_మారియో
మాస్టారూ, చదువుతుంటేనే అరచేతులు చెమటలు పట్టాయి. మూత పెట్టేశా. తెల్ల గీతలు కూడా పోయాయి.

అమలాపురం_ఆర్కేడ్
ఇరవై ఏళ్లు దాటిన సెట్టు, పైగా లాడ్జిలో రోజంతా మోగింది. మెనూలు కాదు బ్రో, ముందు కండెన్సర్లన్నీ మార్పించు. పైన స్కోరు తెగుతోందంటే వర్టికల్ సెక్షన్, అంటే బొమ్మని నిలువునా పరిచే సర్క్యూట్‌లో కండెన్సర్లు ఎండిపోయినట్టే. నేనైతే ఏ పాత సెట్ తెచ్చినా ముందు ఫుల్‌గా మార్చేస్తా.

కోఠీ_కండెన్సర్
@అమలాపురం_ఆర్కేడ్ అన్నీ మార్చేయడం ఇంటర్నెట్ జబ్బు. ఎనభై కండెన్సర్లు పీకితే మూడు ప్లస్ మైనస్ తారుమారవుతాయి, రెండు చోట్ల ట్రాక్ లేచిపోతుంది, అప్పుడు నా దగ్గరికి తెస్తారు. అనుమానం ఉన్నవి చూస్తే చాలు. వర్టికల్ ఐసీ వేడెక్కుతుంది కాబట్టి దాని హీట్‌సింక్‌ని ఆనుకుని ఉన్నవి, ఎల్‌ఓటీ పక్కన ఉన్నవి. కండెన్సర్ ఎండిందో లేదో చెప్పే ఈఎస్‌ఆర్ మీటర్ పెట్టి చూసి, పోయినవి మాత్రం 105 డిగ్రీల వేడి తట్టుకునేవి వేసుకో. మా కోఠీ గుజరాతీ గల్లీలో చాయ్ ఖర్చంత కాదు.

స్కాన్‌లైన్_శీను
కండెన్సరా సెట్టింగా అని తేల్చడానికి తేలిక దారి ఉంది. @గళ్లచొక్కా_మారియో నీ దగ్గర పాత క్యాసెట్ గేమ్ ఉందా, తొమ్మిది పిన్నుల జాయ్‌స్టిక్‌ది? అది పెడితే పైనా కిందా ఏం కనిపిస్తోంది?

గళ్లచొక్కా_మారియో
ఉంది. అది పెడితే పైనా కిందా నల్ల పట్టీలు వస్తున్నాయి, స్కోరు పూర్తిగా కనిపిస్తోంది! వీలో మాత్రమే తెగుతోంది. ఇదేంటి?

స్కాన్‌లైన్_శీను
అనుకున్నా. నీ క్యాసెట్ గేమ్ పాల్, అంటే 50 హెర్ట్జ్. తెర మీద 288 లైన్లకి చోటుంటే ఆట గీసేది 240 మాత్రమే, మిగతా 48 పైనా కిందా పట్టీలు. వీ నుంచి వచ్చేది 60 హెర్ట్జ్. అక్కడ 240కి 240 లైన్లూ తెర నిండా పరుచుకుంటాయి, అంచులు ఫ్రేమ్ వెనక్కి పోతాయి. కండెన్సర్ ఎండిపోయుంటే రెండిట్లోనూ పైన గీతలు ఒకదాని మీద ఒకటి మడతపడేవి. 50లో మడత లేదు కాబట్టి ఇది ఎక్కువగా 60 హెర్ట్జ్ హైట్ సెట్టింగే.

పైగా చాలా సెట్లు 50కీ 60కీ విడివిడిగా విలువలు దాచుకుంటాయి. టీవీ చానెళ్లు 50లో వస్తాయి కాబట్టి దానికి ఫ్యాక్టరీలో శ్రద్ధగా పెడతారు, 60ది సుమారుగా వదిలేస్తారని నా అనుమానం. వీ నడుస్తుండగా మెనూలోకి వెళ్లి మార్చితే 60వి మారతాయి, క్యాసెట్ గేమ్ పెట్టి మార్చితే 50వి. కలిపేయకు.

గోలీసోడా_88
ఆగండాగండి. అంటే చిన్నప్పుడు మనం ఆడిన కాంట్రా నెమ్మదిగా నడిచిందా??

స్కాన్‌లైన్_శీను
అవును. సెకనుకి 60 ఫ్రేములకి రాసిన ఆటని 50లో నడిపిస్తే ఆరో వంతు నెమ్మది.

గోలీసోడా_88
ముప్పై ప్రాణాల చీట్ కొట్టి, అదీ స్లో మోషన్‌లో ఆడి, మళ్లీ చచ్చిపోయేవాణ్ణి. నా బాల్యాన్ని ఎందుకు కెలికావు శీనూ.

కోఠీ_కండెన్సర్
@స్కాన్‌లైన్_శీను మంచి పాయింటు. మడత లేదు, పైన గీతలు చిక్కబడట్లేదు అంటే కండెన్సర్ల జోలికి పోనక్కర్లేదు. అమలాపురం తమ్ముడు నొచ్చుకోకూడదు మరి.

అమలాపురం_ఆర్కేడ్
నొచ్చుకోలేదులే బాబాయ్. మడత వచ్చాక మాత్రం నన్ను పిలవకండి.

డల్లాస్_డబ్బా
ఒరగడం గురించి. ఏ సెట్టింగూ ముట్టుకోకముందు టీవీని ఏ దిక్కుకి పెట్టావో చెప్పు. ఇక్కడ మా గరాజ్‌లో 27 అంగుళాల సెట్ తూర్పు చూస్తూ ఉండేది, మా ఆవిడ ఫ్రీజర్‌కి చోటు కావాలంటే ఉత్తరం వైపు తిప్పా, బొమ్మ మొత్తం ఒక పక్కకి ఒరిగింది. భూమి అయస్కాంతం వల్ల. ఎలక్ట్రాన్లు ట్యూబ్ వెనక నుంచి ముందుకి వెళ్లే దారి పొడుగునా భూక్షేత్రం ఉంటే బొమ్మ తిరుగుతుంది. తూర్పు పడమరలు చూస్తుంటే ఆ భాగం దాదాపు సున్నా, ఉత్తర దక్షిణాలు చూస్తే పూర్తిగా తగులుతుంది. మీ దక్షిణాదిలో భూమికి సమాంతరంగా ఉండే భాగం మా టెక్సస్ కంటే ఎక్కువ కూడా, అయస్కాంత మధ్యరేఖకి దగ్గర కదా.

గళ్లచొక్కా_మారియో
ఉత్తరం చూస్తూ ఉంది. వాస్తు ప్రకారం పెట్టా.

గోలీసోడా_88
వాస్తు పండితుణ్ణి ట్యాగ్ చేయండి ఎవరైనా

పిక్సెల్_పుల్లయ్య
టీవీ పక్కన స్పీకర్లేమైనా ఉన్నాయా? హోమ్ థియేటర్ డబ్బా లాంటిది?

గళ్లచొక్కా_మారియో
పక్కన కాదు, టీవీ మీద ఉంది. సబ్‌ఊఫర్.

కోఠీ_కండెన్సర్
దేవుడా.

డల్లాస్_డబ్బా
ముందు అది దించు. అందులో అరచేతి వెడల్పు అయస్కాంతం ఉంటుంది. నీ కుడి పై మూల సాగింది అన్నావు చూడు, సగం అదే అయ్యుంటుంది. దించాక టీవీ ఆఫ్ చేసి అరగంట చల్లారనిచ్చి ఆన్ చెయ్, ‘బొయ్ఁ’మని శబ్దం వస్తుంది కదా, అదే డీగాస్, తెరకి పట్టిన అయస్కాంతాన్ని వదిలించడం. వెంటవెంటనే ఆఫ్ ఆన్ చేస్తే పనిచేయదు, దాన్ని నడిపే పోజిస్టర్ అనే ముక్క లోపల చల్లబడాలి. మూల మాసిపోయినట్టు రంగు మారి ఉంటే రెండు మూడుసార్లు ఇలా చెయ్యాలి.

గళ్లచొక్కా_మారియో
దించా, రెండుసార్లు చల్లార్చి పెట్టా, తూర్పు గోడ వైపు నుంచి పడమర చూసేలా జరిపా. కుడి మూల చాలావరకు సర్దుకుంది!! ఒరగడం వేలెడు ఉన్నది ఇప్పుడు గోరంత. నడుం, గుడ్డు, స్కోరు మాత్రం అలాగే ఉన్నాయి.

కోఠీ_కండెన్సర్
గోరంత మిగిలిందాన్ని యోక్ కాయిల్, అంటే ట్యూబ్ మెడ చుట్టూ ఉండి కిరణాన్ని వంచే తీగచుట్ట, తిప్పి సరిచేయొచ్చు. మెడ దగ్గర క్లాంప్ స్క్రూ వదులు చేసి, కాయిల్‌ని ఉన్నచోటే కొద్దిగా తిప్పాలి, వెనక్కి ముందుకి జరపకూడదు. జరిపితే రంగుల ప్యూరిటీ పోయి ఆకాశం నీలం, ఊదా రెండు ముక్కలవుతుంది. దాని వెనక మెడ మీద రింగులుంటాయి, రంగు లక్క పూసి ఉంటాయి. వాటిని ముట్టుకోవద్దు. ముట్టుకుంటే ఆ ఆదివారం పోయినట్టే.

నిజాంపేట్_నింటెండో
నేను ముట్టుకున్నా. ఆదివారం కాదు, దసరా సెలవులు మొత్తం పోయాయి.

పిక్సెల్_పుల్లయ్య
గోరంతకి యోక్ దాకా ఎందుకు మాస్టారూ, టీవీ కింద ఒక పక్క అట్టముక్క పెడితే పోలా

కోఠీ_కండెన్సర్
@పిక్సెల్_పుల్లయ్య అప్పుడు బొమ్మ నిటారుగా, టీవీ వంకరగా ఉంటుంది. పర్లేదనుకుంటే పెట్టుకో.

నిజాంపేట్_నింటెండో
సర్వీస్ మెనూ సంగతికొద్దాం. సోనీ అయితే సులువు, స్టాండ్‌బైలో ఉండగా రిమోట్ మీద డిస్‌ప్లే, 5, వాల్యూమ్ ప్లస్, పవర్ వరసగా కొట్టాలి. 1, 4 నొక్కితే ఐటమ్ మారుతుంది, 3, 6 నొక్కితే విలువ మారుతుంది. మ్యూటింగ్ నొక్కి ఎంటర్ కొడితేనే మెమరీలోకి వెళ్తుంది, కొన్ని మోడళ్లలో ఎంటర్ బదులు 0. వేరే కంపెనీలకి వేరే కోడ్‌లు, వెనక స్టిక్కర్ మీద చాసిస్ (లోపలి బోర్డు) నంబర్ చూసి దాని సర్వీస్ మాన్యువల్ వెతుక్కో.

ఒక్క మాట మాత్రం గుండె మీద రాసుకో. లోపలికి వెళ్లగానే ఏదీ మార్చకుండా ప్రతి పేజీ ఫోన్‌తో ఫోటో తియ్. నా పాత సెట్‌లో ఆప్షన్ అని ఉన్న నంబర్లతో ఆడుకున్నా. ఏవీ ఇన్‌పుట్ మాయం. మెనూ చైనీస్‌లోకి మారింది. పాత విలువేంటో రాసుకోలేదు. 256 నంబర్లు ఒక్కొక్కటే పెట్టి చూశా, 143 దగ్గర తిరిగొచ్చింది, ఆ నంబర్ జన్మలో మర్చిపోను.

గళ్లచొక్కా_మారియో
మాన్యువల్ దొరికింది, కోడ్ కొట్టా, ఏమీ రావట్లేదు. మామూలు మెనూ కూడా రావట్లేదు అసలు. వాల్యూమ్ 30 దాటట్లేదు. రిమోట్ పోయిందంటారా?

పిక్సెల్_పుల్లయ్య
లాడ్జి టీవీ అన్నావుగా! హోటల్ మోడ్‌లో ఉంటుంది. గెస్టులు చానెల్ సెట్టింగ్‌లు కెలక్కుండా, అర్ధరాత్రి సౌండ్ పెంచకుండా తాళం వేస్తారు. ముందు దాన్ని తీసెయ్. చాలా సెట్లలో టీవీ మీద బటన్ ఒకటి పట్టుకుని రిమోట్‌లో ఇంకోటి నొక్కాలి, మాన్యువల్లో విడిగా ఒక పేజీ ఉంటుంది.

గళ్లచొక్కా_మారియో
వచ్చిందీ!!! మెనూ మొదటి పేజీలో ఎవరో ‘వెల్‌కమ్’ అని కూడా పెట్టుకున్నారు. ఇప్పుడు లోపల ఉన్నా. ఫోటోలు తీశా. పేర్లు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి: వీఎస్‌ఎల్, వీఏఎం, ఎస్‌సీఎల్, వీఎస్‌హెచ్, హెచ్‌ఎస్‌హెచ్, ఈడబ్ల్యూడబ్ల్యూ, ఈడబ్ల్యూపీ, ఈడబ్ల్యూటీ...

స్కాన్‌లైన్_శీను
వరస ముఖ్యం. ముందు నిలువు పని పూర్తి చేసి, తర్వాత అడ్డం. వీఎస్‌ఎల్ అంటే స్లోప్, చాలా సెట్లలో అది పట్టుకోగానే కింది సగం తెర నల్లగా అయిపోతుంది, భయపడకు, నల్ల అంచు సరిగ్గా బొమ్మ మధ్య గీత మీద ఆగాలి. తర్వాత వీఎస్‌హెచ్‌తో మధ్యకి తేవడం, వీఏఎం అంటే ఎత్తు. ఎస్‌సీఎల్ అంటే ఎస్ కరెక్షన్, పైనా కిందా గళ్లు మధ్య గళ్లతో సమానమవ్వాలి, నీ కోడిగుడ్డు చాలావరకు అక్కడే ఉంటుంది. ఆ తర్వాత హెచ్‌ఎస్‌హెచ్ పక్కలకి జరపడం, ఈడబ్ల్యూడబ్ల్యూ వెడల్పు, ఈడబ్ల్యూపీ నడుం, ఈడబ్ల్యూటీ అంటే పైన వెడల్పు కింద ఇరుకు లాంటి పీట ఆకారం సరిచేయడం. మూలలకి విడిగా ఉంటే చివర్లో. ఒకటి ముట్టుకుంటే ఇంకోటి కదులుతుంది, మూడు రౌండ్లు వేయాలి.

మొదలుపెట్టే ముందు టీవీ అరగంట నడవనియ్. కాంట్రాస్ట్ మధ్యస్థంగా పెట్టు. ఫుల్ కాంట్రాస్ట్‌లో తెల్ల బొమ్మ వస్తే హైవోల్టేజ్ కుంగి బొమ్మ ఉబ్బుతుంది. మారియో నేలమాళిగ నుంచి బయటికి రాగానే తెర ఊపిరి పీల్చినట్టు పెరుగుతుంది చూడు, అదే.

కోఠీ_కండెన్సర్
ఆ ఉబ్బడం మరీ ఎక్కువైతే బీ ప్లస్, అంటే సెట్‌కి వెళ్లే ప్రధాన వోల్టేజ్ చూడాలి, అది మెనూలో సరయ్యేది కాదు. కొంచెం ఉంటే మామూలే.

బుల్లితెర_14
మధ్యలో వస్తున్నా. నాది 14 అంగుళాలది. మెనూలో ఈడబ్ల్యూ అన్నదే లేదు. నడుం ఎలా సరిచేయాలి?

కోఠీ_కండెన్సర్
@బుల్లితెర_14 నీ సెట్‌లో ఆ సర్క్యూటే ఉండదు. చిన్న ట్యూబులు కిరణాన్ని 90 డిగ్రీలే వంచేవి, అక్కడ కాయిల్ చుట్టడంలోనే ఆ సవరణ చేసేస్తారు. మరీ వంకరుంటే యోక్ అంచున అతికించిన చిన్న అయస్కాంతం ముక్కేదైనా ఊడిందేమో చూడు. లేదంటే అదే దాని అందం అనుకో. పెద్ద ఫ్లాట్ సెట్ల కంటే చిన్న గుండ్రటి తెరే సహజంగా బుద్ధిగా ఉంటుంది. అద్దం బల్లపరుపు చేసేకొద్దీ అంచులకి దూరం పెరిగి వంకర ఎక్కువవుతుంది, దాన్ని సర్క్యూట్ లాక్కురావాలి.

పిక్సెల్_పుల్లయ్య
@గళ్లచొక్కా_మారియో ఇంకో మాట, అంచులన్నీ కనపడేలా బొమ్మని మరీ చిన్నది చేయకు. అప్పటి ఆటలు అంచులు తెగుతాయని తెలిసే తయారుచేశారు. మారియో 3 పెట్టి చూడు, కుడి అంచున రంగులు చెడిపోయి మిణుకుమంటుంటాయి, అది ఫ్రేమ్ వెనక దాక్కోవాల్సిన చెత్త.

డల్లాస్_డబ్బా
ఒప్పుకోను. పైనా కిందా ఎనిమిదేసి లైన్లు పోతే పర్లేదు, అంతకుమించి పోతే నాకు ఊరుకోబుద్ధి కాదు. చెత్త కనిపిస్తే కనిపించనీ.

పిక్సెల్_పుల్లయ్య
నువ్వు బియ్యంలో రాళ్లు ఏరకుండా వండుకునే రకం.

గళ్లచొక్కా_మారియో
నాలుగు గంటలు పట్టింది. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. గీత నిటారుగా ఉందో లేదో కంటికి తేలడం లేదు, ఎంతసేపు చూస్తే అంత వంకరగా కనిపిస్తోంది. కుట్టుమిషన్ దారానికి ఒక నట్టు కట్టి టీవీ పైనుంచి తెర ముందు వేలాడదీశా, మేస్త్రీలు గోడకి పెట్టినట్టు. దారం పక్కన గీత పెట్టి చూస్తే ఎక్కడ ఎంత లోపలికి పోయిందో తెలిసిపోయింది. అద్దం మందం వల్ల పక్క నుంచి చూస్తే తేడా వస్తోంది, ఒక కన్ను మూసి ఎదురుగా చూడాలి. గళ్లు మా ఆవిడ టేపుతో కొలిచా. పైగడి 31 మిల్లీమీటర్లు, మధ్యది 27 ఉండేది, ఎస్‌సీఎల్ ఆరు మెట్లు మార్చాక రెండూ 28 అయ్యాయి. ఈడబ్ల్యూపీ 18 నుంచి 25కి వెళ్లింది, నడుం పోయింది. గుండ్రం ఇప్పుడు అచ్చం దోసెలా వస్తోంది.

గోలీసోడా_88
ఎవరు పోసిన దోసె అన్నదాన్ని బట్టి ఉంటుంది

గళ్లచొక్కా_మారియో
స్కోరు పూర్తిగా కనిపిస్తోంది. ఒక్క సమస్య. మారియో పరిగెత్తుతుంటే పైపు ఎడమ అంచు దగ్గర లావుగా, మధ్యలో కాస్త సన్నగా అవుతోంది. దానికి మెనూలో ఏదీ దొరకలేదు.

స్కాన్‌లైన్_శీను
హారిజాంటల్ లినియారిటీ. ఇళ్లలో వాడే సెట్లలో దానికి సెట్టింగ్ దాదాపు ఉండదు, బోర్డు మీద ఒక కాయిల్, దానికి అతికిన అయస్కాంతంతో ఫ్యాక్టరీలోనే తేల్చేస్తారు. పక్కలకి జరిగే ఆటలో ఇది బయటపడుతుంది, ఒక్కచోట నిలబడే ఆటలో తెలియను కూడా తెలియదు.

కోఠీ_కండెన్సర్
అది వదిలెయ్. నీ ఫోటో చూశా, మేం షాపులో కొత్త సెట్‌ని ఇంతకంటే వంకరగా అమ్మేవాళ్లం. అప్పుడు ఎవరూ గళ్లు పెట్టి చూసేవాళ్లు కాదు. ఆదివారం సినిమాలో హీరో ముఖం గుండ్రంగా ఉంటే డబ్బులిచ్చేసి వెళ్లేవాళ్లు.

గళ్లచొక్కా_మారియో
మాస్టారూ, కుడి పై మూల ఇంకా మూడు మిల్లీమీటర్లు ఉంది. మా ఆవిడకి చూపించా, ఎక్కడా కనపడట్లేదంది. నాకు అదొక్కటే కనిపిస్తోంది.

నిజాంపేట్_నింటెండో
ఆ మూల మీద ఒక స్టిక్కర్ అంటించు

బుల్లితెర_14
అడగొచ్చో లేదో... ఆ లాడ్జిలో ఇంకా ఉన్నాయా?

గళ్లచొక్కా_మారియో
@బుల్లితెర_14 మెట్ల కింద ఇంకో పదకొండు. అడ్రస్ ప్రైవేట్‌గా పంపిస్తా, డల్లాస్ ఆయనకి చెప్పకు, కంటైనర్ వేసుకుని వస్తాడు.

డల్లాస్_డబ్బా
చదువుతూనే ఉన్నా బ్రో.